దేవుని సమయం కోసం కనిపెట్టడం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమా?

వందనాలమ్మా.

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. పెళ్లయి ఏడేళ్లు, మీకు 33. పిల్లలు లేరు. సంఘంలో అందరూ "దేవుని సమయం వచ్చేదాకా ఓపిక పట్టు" అంటున్నారు. హాస్పిటల్‌కి వెళ్తానంటే, అది బైబిల్లో శారా తొందరపడి తన దాసి హాగరును భర్త అబ్రాహాముకు అప్పగించినట్టే అని ఒక పెద్దమ్మ అన్నారు. నిరుడు ఉపవాస కూటంలో ఒక దైవజనుడు మీ తల మీద చేయిపెట్టి "వచ్చే ఏడాది ఈ వేళకు నీ ఒడిలో బిడ్డ ఉంటుంది" అన్నారు. ఆ వేళ దాటి మూడు నెలలైంది. నాకు విశ్వాసం చాలలేదా, ఇంకా ఎన్నాళ్లు కనిపెట్టాలి, డాక్టర్ దగ్గరకు వెళ్లవచ్చా అని అడిగారు.

వెళ్లండి. ఈ నెలలోనే వెళ్లండి. ఇద్దరూ కలిసి వెళ్లండి. అది అవిశ్వాసం కాదు. మీ విశ్వాసం చాలకపోవడం వల్ల బిడ్డ పుట్టలేదు అన్నది కూడా నిజం కాదు. ఎన్నాళ్లు అన్నదానికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవాళ్లను నమ్మకండి.

నేను ప్రకాశం జిల్లా పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా సంఘ కాపరిగా పనిచేసి ఈమధ్యే విశ్రాంతి తీసుకున్నాను. ఈ ప్రశ్న నా ముందుకు చాలాసార్లు వచ్చింది. ఒకసారి చాలా తప్పుగా జవాబిచ్చాను కూడా. అదే ముందు చెప్తాను.

సేవ మొదలుపెట్టిన కొత్తలో పొగాకు సాగు చేసుకునే ఒక జంట మా సంఘంలో ఉండేవారు. ఆరేళ్లుగా పిల్లలు లేరు. గుంటూరు వెళ్లి చూపించుకుందామా అని అతను నన్ను అడిగాడు. నేను అబ్రాహాము కథ చెప్పాను. డెబ్బై ఐదో ఏట వాగ్దానం విన్నాడు, నూరో ఏట ఇస్సాకు పుట్టాడు, ఇరవై ఐదేళ్లు ఆగినవాడు విశ్వాసులకు తండ్రయ్యాడు, మీరు ఆరేళ్లకే అలిసిపోతే ఎలా అన్నాను. వాళ్లు నా మాట మీద నాలుగేళ్లు ఆగారు. తర్వాత వేరే జబ్బుతో అతను హాస్పిటల్‌కి వెళ్లినప్పుడు, పిల్లలు కలగకపోవడానికి కారణం అతనిలో ఉందని, చిన్న ఆపరేషన్‌తో సరయ్యే అవకాశం ఉందని తేలింది. చేయించుకున్నాడు. అప్పటికి ఆమెకు 39 దాటాయి. బిడ్డ కలగలేదు. వాళ్లు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనే వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. ఆమె లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆ గ్లాసు ఈ రోజుకీ నా కళ్లముందే ఉంది.

అందుకే ఈ విషయంలో నేను మెల్లగా మాట్లాడలేను.

ముందు ఆ "కనిపెట్టు" అన్న మాట సంగతి. మన తెలుగు బైబిలులో "యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము" అని ఉంటుంది కదా, ఇరవై ఏడో కీర్తన చివర. మన ఇళ్లలో ఈ మాట ఎలా వాడతామో ఒకసారి ఆలోచించండి. జ్వరంతో ఉన్న పిల్లాడిని రాత్రంతా కనిపెట్టుకుని ఉన్నాను అంటాం. మిరప కల్లం దగ్గర కనిపెట్టుకుని ఉండమని కొడుకును పంపుతాం. అంటే నిద్రపోవడం కాదు, వదిలేయడం కాదు. కళ్లు తెరిచి, దగ్గరుండి, చేయాల్సింది చేస్తూ ఉండటం. నూట ముప్పయ్యో కీర్తనలో తెల్లవారడం కోసం కనిపెట్టే కావలివాళ్ల పోలిక ఉంది. కావలివాడు సూర్యుణ్ని లేపలేడు, నిజమే. కానీ నిద్రపోతే ఆ రాత్రి అతను కావలి కాసినట్టు కాదు.

యాకోబు పత్రికలో ఓపికకు రైతును చూపిస్తాడు. తొలకరి వానకూ కడవరి వానకూ కాచుకునే రైతు. మెట్ట సేద్యం చేసేవాళ్ల మధ్య బతికాను కాబట్టి ఆ మాట నాకు బాగా అర్థమవుతుంది. "అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అని మావాళ్లు అంటారు. వాన రైతు చేతిలో లేదు. కానీ వేసవి దుక్కి అతని చేతిలో ఉంది. విత్తనం దాచుకోవడం, గట్లు వేసుకోవడం అతని చేతిలో ఉన్నాయి. దుక్కి దున్నకుండా ఆకాశం చూస్తూ కూర్చున్న వాడిని చూసి ఎంత ఓపికో అని ఏ ఊళ్లోనూ అనరు. దున్నినవాడిని చూసి వాన మీద నమ్మకం లేదని కూడా ఎవరూ అనరు.

డాక్టర్ దగ్గరకు వెళ్లడం దుక్కి లాంటిదమ్మా.

వాక్యంలోనే చూడండి. హిజ్కియా రాజు రోగి అయి ఏడ్చినప్పుడు దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని ప్రవక్త యెషయా నోట స్పష్టంగా చెప్పాడు. అంత ఖాయమైన మాట వచ్చాక కూడా యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద కట్టించాడు. రెండో రాజుల గ్రంథం ఇరవయ్యో అధ్యాయంలో ఉంది. దేవుడు బాగుచేస్తానన్నాడు, మందూ వేశారు. అక్కడ ఎవరికీ ఆ రెండూ ఒకదానికొకటి విరోధంగా కనిపించలేదు.

మరి హాగరు సంగతి? ఆ పెద్దమ్మ మీ మీద ప్రేమతోనే అని ఉంటారు. కానీ ఆ పోలిక ఇక్కడ కుదరదు. అక్కడ జరిగింది వైద్యం కాదు. నోరెత్తలేని ఒక దాసిని తమ అవసరానికి వాడుకున్నారు, గర్భవతి అయ్యాక శ్రమపెట్టారు, ఆమె అడవిలోకి పారిపోయింది. ఆ తొందరకు బలైంది మూడో మనిషి. ఇంకోటి కూడా గమనించండి. దేవుడు ఆ అడవిలో హాగరును వెతుక్కుంటూ వెళ్లాడు, ఆమె మొర విన్నాడు. ఆ బిడ్డ పేరు ఇష్మాయేలు అంటేనే దేవుడు వింటాడని అర్థం. మీరు మీ భర్తతో కలిసి రక్తపరీక్ష చేయించుకోవడానికీ దీనికీ ఏం సంబంధం?

అసలు తప్పు తొందర ఏదో వాక్యం చూపిస్తుంది. సౌలు రాజు గిల్గాలులో ప్రవక్త సమూయేలు కోసం ఏడు రోజులు ఆగి, జనం చెదిరిపోతున్నారన్న భయంతో తనది కాని పని, దహనబలి, తానే అర్పించాడు. ఏన్గెదీ గుహలో సౌలు తన చేతికి చిక్కినా దావీదు అతన్ని చంపలేదు. తన సింహాసనం కోసమైనా ఇంకొకరి రక్తం ముట్టుకోనన్నాడు. నాది కాని పని చేయడం, ఇంకొకరిని నష్టపరచడం, అబద్ధమాడటం: ఇవి తొందరపాటు. నాకు అప్పగించిన పని ఈ రోజు చేయడం తొందరపాటు కాదు.

ఇక ఆ ప్రవచనం. దీని గురించి గట్టిగా చెప్పాలి. యెహోవా పేరున చెప్పిన మాట జరగకపోతే అది ఆయన చెప్పింది కాదు, ఆ మనిషి అహంకారంతో చెప్పాడు, అతనికి భయపడవద్దు అని ద్వితీయోపదేశకాండం పద్దెనిమిదో అధ్యాయంలో ఉంది. ప్రవక్త ఎలీషా బిడ్డలేని షూనేమీయురాలితో అన్న ఆ మాటనే తీసుకుని, పిల్లలు లేని ప్రతి స్త్రీ తల మీదా చేయిపెట్టి చెప్పడం నేను చాలా కూటాల్లో చూశాను. తేదీ దాటిపోయాక ఆ మాట చెప్పినాయన వేరే ఊళ్లో ఉంటాడు. ఇంట్లో అత్తగారి ముందు నిలబడేది మీరు. కాలాలను, సమయాలను తండ్రి తన స్వాధీనంలో ఉంచుకున్నాడని యేసు తన శిష్యులకే చెప్పాడు. వాళ్లకే చెప్పని తేదీ ఆ దైవజనుడికి ఎలా తెలిసింది? ఆ మాట జరగకపోవడం మీ లోపం కాదు. దాన్ని మీ భుజాల మీద నుంచి దించేయండి. దానికి "విత్తన కానుక" అని డబ్బు కూడా అడిగి ఉంటే, దయచేసి ఇంకోసారి ఇవ్వకండి.

ఇప్పుడు కొంచెం మా ఇంటి సంగతి.

మాకు పిల్లలు లేరు. పెళ్లయి 34 ఏళ్లు. ఆ పొగాకు రైతు సంగతి తెలిశాక మేమిద్దరం వెళ్లి చూపించుకున్నాం. తొమ్మిదేళ్లు మందులు, రెండు ఆపరేషన్లు. కలగలేదు. ఆ తొమ్మిదేళ్లలో నేను సంఘంలో ఎంతమంది బిడ్డలను ఎత్తుకుని ప్రతిష్ఠ ప్రార్థన చేశానో లెక్క లేదు. మూడో వరుసలో మా ఆవిడ కూర్చుని ఉండేది. ప్రార్థన చేస్తున్నంతసేపూ అటు చూడకుండా ఉండటానికి ప్రయత్నించేవాణ్ని. ఒక ఆదివారం ఇంటికి వచ్చాక ఆమె అంది: "దేవుడు ఆలస్యం చేస్తున్నాడని ఇక నాతో అనకండి. ఆలస్యం అంటే వస్తుందని కదా అర్థం. ఆయన ఇవ్వలేదు అనండి. అప్పుడైతే నేను ఆయనతో నేరుగా మాట్లాడుకోగలను."

నేను వేదాంత కళాశాలలో నేర్చుకోనిది ఆ రోజు నేర్చుకున్నాను. దేవుని సమయాన్ని నమ్మడం అంటే, అడిగింది ఎప్పటికైనా వస్తుందని నమ్మడం కాదు. వస్తే వస్తుంది, సంతోషం. యోసేపు పదిహేడో ఏట అమ్ముడుపోయి ముప్పయ్యో ఏట ఫరో ముందు నిలబడ్డాడు. రక్షకుని కోసం కనిపెట్టిన సుమెయోను శిశువైన యేసును చేతుల్లోకి తీసుకున్నాడు. కానీ తన శరీరంలోని ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలో విశ్వాస వీరుల పట్టిక చివర, వీళ్లలో ఎవరూ వాగ్దానఫలం పొందలేదని రాసి ఉంటుంది. మనం ఆ అధ్యాయాన్ని అక్కడిదాకా చదవకుండానే ముగిస్తుంటాం. మరి నమ్మడం అంటే ఏమిటి? ఇచ్చినా ఇవ్వకపోయినా ఆయన నన్ను మర్చిపోలేదని, ఈ రోజు కూడా ఆయన దగ్గరకు వెళ్లవచ్చని నమ్మడం. నాకు తెలిసినంతలో అంతే.

మీరు ప్రార్థనలో ఏడుస్తున్నానని, కోపం కూడా వస్తోందని, అది పాపమేమోనని రాశారు. పిల్లలు లేని హన్నా ఏడ్చింది, తిండి మానేసింది. పదిమంది కొడుకుల కంటే నేను ఎక్కువ కాదా అని భర్త అడిగితే జవాబు చెప్పలేదు. మందిరంలో యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. అంటే కాపరులు పొరబడటం ఆ రోజుల నుంచీ ఉంది. ఆమె మాత్రం నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకుంటున్నాను అంది. కుమ్మరించడం అంటే కుండ బోర్లించడం, మంచి మాటలు ఏరి ఇవ్వడం కాదు. పదమూడో కీర్తన "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అనే మొదలవుతుంది. దేవుడు దాన్ని తన పుస్తకంలో నుంచి తీసేయలేదు. మీకు కోపం వచ్చినప్పుడు ఆ కీర్తన గట్టిగా చదవండి.

మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే "దేవుని సమయం" అంటే మా దగ్గర అందరూ ఇదే చెప్తారు. నెల్లూరులోని అమెరికన్ బాప్టిస్టు మిషన్‌లో ఏళ్ల తరబడి పనిచేసినా విశ్వాసులు కొద్దిమందే. 1853లో ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. అలాంటి రోజుల్లో, 1854 జనవరి 1న తెల్లవారుజామున, మిషనరీ లైమన్ జూయెట్ దంపతులూ ముగ్గురు తెలుగు విశ్వాసులూ ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అనే అంటాం. ఒంగోలుకు మిషనరీ జాన్ క్లౌ వచ్చి పని మొదలుపెట్టింది 1866లో. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కొండ మీద ప్రార్థన నుంచి గుండ్లకమ్మ దాకా 24 ఏళ్లు.

ఇంతవరకు అందరూ చెప్తారు. మధ్యలో ఏం జరిగిందో చెప్పరు. జూయెట్ ఆ మధ్య ఏళ్లలో తెలుగు కొత్త నిబంధన అనువాదం పని మీద కూర్చున్నాడు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు వచ్చింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా, తిండి కోసం వస్తున్నారేమో అని ఏడాదికి పైగా ఆపాడు. ఆయన ఆపింది అది ఒక్కటే. తవ్వాల్సిన కాలువ ఆపలేదు, పెట్టాల్సిన గంజి ఆపలేదు. ఆ కరువులో మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లు మూతపడ్డాయి. అందుకే నేను ఆ కథ చెప్పి "చూశారా, దేవుని సమయం ఎంత అందంగా ఉంటుందో" అని ముగించలేను. చనిపోయినవాళ్లకు అది అందంగా లేదు. వాళ్లు కూడా ఆయన చేతుల్లోనే ఉన్నారని మాత్రం నమ్ముతాను.

సరే, చేయాల్సిన పనులు. ఇది డాక్టర్‌గా కాదు, చాలా జంటలతో హాస్పిటల్ వరండాల్లో కూర్చున్నవాడిగా చెప్తున్నాను.

ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే పరీక్షలు చేయించుకోవాలని, భార్యకు 35 దాటితే ఆరు నెలలకే వెళ్లాలని డాక్టర్లు చెప్తారు. మీది ఏడేళ్లు. మీవారి పరీక్ష మొదటి రోజే చేయించండి. దాదాపు సగం జంటల్లో కారణం పూర్తిగానో కొంతో మగవారి వైపు ఉంటుంది. ఆ పరీక్ష సులువు, ఖర్చు తక్కువ. అయినా మన ఇళ్లలో ఆడపిల్లను మూడు హాస్పిటల్స్ తిప్పాక గానీ అతన్ని పంపరు. మీవారు ఒప్పుకోకపోతే మీ కాపరిని మాట్లాడమనండి. ఆయనా వెనకాడితే మీ నాన్నగారినో అన్నయ్యనో పంపండి. మీకైతే థైరాయిడ్, నెలసరి సమస్యలు, గర్భనాళాలు (ట్యూబులు) పరీక్షిస్తారు. కొందరిలో గర్భసంచికి క్షయ సోకి ఉంటుంది, పైకి ఏమీ తెలియదు. వీటిలో చాలావాటికి మామూలు మందులున్నాయి.

ఐ.వి.ఎఫ్. (టెస్ట్‌ట్యూబ్ పద్ధతి) దాకా వెళ్లాల్సి వస్తే ముందే ఇద్దరూ కూర్చుని రెండు విషయాలు మాట్లాడుకోండి. ఎంత డబ్బు, ఎన్నిసార్లు అని ఒక హద్దు పెట్టుకోండి. పొలం అమ్మి అప్పుల్లో పడ్డవాళ్లను చూశాను. రెండోది, ఎన్ని పిండాలు తయారుచేస్తారు, మిగిలినవాటిని ఏం చేస్తారు అని డాక్టర్‌ను అడగండి. మన మనస్సాక్షికి ఇది చిన్న విషయం కాదు. అడిగితే చెప్తారు. అడగకపోతే సంతకం పెట్టిన కాగితాల్లో ఉండిపోతుంది.

దత్తత గురించి మీరు అడగలేదు, అయినా ఒక మాట. క్రైస్తవులకు దత్తత చట్టం లేదు, సంరక్షకులుగా మాత్రమే ఉండగలరు అని ఇప్పటికీ కొందరు చెప్తారు. జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతం వారైనా దత్తత తీసుకోవచ్చు. కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ కారా పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. అక్కడా ఏళ్లు పడుతుంది. మాకు ఈ సంగతి సరిగా తెలిసేసరికి వయసు దాటిపోయింది. మీకు దాటలేదు.

యిర్మీయా ఇరవై తొమ్మిది పదకొండు మీ ఇంట్లో గోడ మీద ఉండే ఉంటుంది. సమాధానకరమైన ఉద్దేశాలు అన్న వచనం. దానికి పైవచనంలో డెబ్బై ఏళ్లు అని ఉంది. ఇంకా పైన ఐదో వచనంలో, ఈలోగా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి అని ఉంది. అది బబులోనుకు చెరపోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం; దాన్ని అందుకున్నవాళ్లలో పెద్దవాళ్లు యెరూషలేమును మళ్లీ చూడలేదు. అయినా తోట నాటమన్నాడు దేవుడు. మీరు బి.ఇడి. మధ్యలో ఆపేశానని రాశారు, బిడ్డ పుడితే ఎలాగూ కుదరదని. అది పూర్తి చేయండి. బిడ్డ వస్తే చూసుకోవచ్చు. ఏడేళ్లుగా రాబోయే ఒక్క రోజు కోసం మీ మిగతా రోజులన్నీ పక్కన పెట్టారు. ఆ రోజులు కూడా ఆయన ఇచ్చినవే కదా తల్లీ.

ఇది రాస్తుంటే మా ఆవిడ పక్కన కూర్చుని చదివింది. తన మాటగా ఒకటి రాయమంది, అలాగే రాస్తున్నాను. "డిసెంబర్ 31 రాత్రి సంఘంలో కొత్త ఏడాదికి బైబిలు వచనం రాసిన వాగ్దాన కార్డు తీసుకోవాలంటే నాకు వణుకు వచ్చేది. గర్భఫలం గురించి వస్తే ఏడాదంతా ఆశ, రాకపోతే ఆ రాత్రే ఏడుపు. ఐదేళ్లు కార్డు తీసి చూడకుండానే బైబిల్లో పెట్టేశాను. ఆ అమ్మాయికి చెప్పండి, బిడ్డ ప్రతిష్ఠ ఉన్న ఆదివారం కష్టంగా ఉంటే లేచి బయటికి వెళ్లిపోమనండి. నేను చెట్టు కింద నిలబడేదాన్ని. ప్రభురాత్రి భోజనం వేళకు మళ్లీ లోపలికి వచ్చేదాన్ని."

రిపోర్టులు వచ్చాక ఏం చెప్పారో రాయండి. మీ పేరు అవసరం లేదు. మేమిద్దరం రోజూ పొద్దున ఐదింటికి కూర్చుంటాం, రేపటి నుంచి "ఒంగోలాయనను అడిగిన చెల్లి" అని దేవునికి చెప్తాం.